మీరు అడిగారు: పక్షవాతం, ఆసుపత్రి, ఆ తర్వాత ఇల్లు

పోయిన సంచికలో బీపీ గురించి రాశాక వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా పక్షవాతం మీదే ఉన్నాయి, అదీ ఎక్కువగా పర్లాకిమిడి, బరంపురం, గుణుపురం, రాయగడ వైపు నించి. అన్నీ వేయడానికి చోటు చాలదు కాబట్టి ఒకేలాంటివి కలిపేశాను, పేర్లు తీసేశాను. ముందే ఒక మాట, నేను న్యూరో (మెదడు, నరాల జబ్బుల) వార్డులో పనిచేసే ఫిజియోని, అంటే వ్యాయామాలు చేయించే ఫిజియోథెరపిస్టుని, మాత్రలు పెంచమంటారా తగ్గించమంటారా అని నన్ను అడగొద్దు, అది మీ డాక్టరు గారి పని. ఇంటికొచ్చాక చెయ్యి ఎలా పట్టుకోవాలి, అన్నం ఎలా పెట్టాలి, ఎలా లేపి కూర్చోబెట్టాలి అంటే మాత్రం ఎంతసేపైనా చెప్తాను.

పర్లాకిమిడి నించి ఒక అబ్బాయి: మా నాన్నగారికి 63. పొద్దున్న లేచేసరికి మూతి ఒక పక్కకి పోయింది, కుడి చెయ్యి లేవట్లేదు. ఊళ్ళో నర్సింగ్ హోంకి తీసుకెళ్తే సెలైన్ పెట్టి సాయంత్రం దాకా చూద్దాం అన్నారు. మర్నాడు వైజాగ్ తీసుకెళ్తే ఇంజెక్షన్ టైం దాటిపోయింది అన్నారు. అసలు ఏ ఇంజెక్షన్ అది? మేం ముందే ఎటు వెళ్ళాల్సింది, శ్రీకాకుళమా, బరంపురమా, వైజాగా?

బాబూ, మెదడుకి పోయే రక్తనాళంలో గడ్డ అడ్డం పడితే దాన్ని కరిగించే మందు ఉంది, ఆల్టిప్లేస్ అని ఒకటి, టెనెక్టిప్లేస్ అని ఇంకోటి. లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపు ఇవ్వాలి, అందులోనూ ఎంత ముందైతే అంత లాభం, ఎందుకంటే పెద్ద నాళం మూసుకుపోతే నిమిషానికి 19 లక్షల నాడీకణాలు చచ్చిపోతాయని లెక్క కట్టారు. మీ విషయంలో ఒక చిక్కుంది. నిద్రలో వచ్చిన పక్షవాతానికి టైం లేచినప్పటి నించి లెక్కపెట్టరు, మనిషి బాగున్నట్టు ఆఖరిసారి ఎవరు చూశారో అప్పటి నించి పెడతారు. రాత్రి పదింటికి పడుకుని పొద్దున్న ఆరింటికి లేచారంటే అప్పటికే ఎనిమిది గంటలు అయిపోయినట్టే. అందుకని నర్సింగ్ హోం వాళ్ళు వెంటనే పంపేసినా ఇంజెక్షన్ పడేదని గట్టిగా చెప్పలేను. కానీ ఎమ్మారైలో ఇంకా కాపాడుకోగల భాగం ఉందని తేలితే అలా నిద్రలో వచ్చిన కొందరికి కూడా ఇస్తారు, పెద్ద నాళం మూసుకుపోయిన వాళ్ళకైతే తొడ దగ్గర నించి సన్నటి గొట్టం పంపించి గడ్డని బయటికి లాగేస్తారు, దానికి మామూలుగా 6 గంటలు, స్కాన్‌లో పనికొస్తారని తేలిన వాళ్ళకి 24 గంటల దాకా టైం ఉంది, 2018లో వచ్చిన రెండు పెద్ద పరిశోధనల తర్వాత అంత దూరం పెరిగింది. సాయంత్రం దాకా కూర్చోబెట్టడం వల్ల పోయింది ఈ దారి. సెలైన్‌కి గడ్డ కరగదు, ఎన్ని బాటిళ్ళు ఎక్కించినా.

ఎటు వెళ్ళాలి అన్నారు. ఆ గంటలో సీటీ స్కాన్ నడుస్తూ, చూసి చెప్పే డాక్టరు ఉండి, ఇంజెక్షన్ చేతిలో ఉన్న చోటు ఏది దగ్గరైతే అటు. పేరు పెద్దదా చిన్నదా, ఒడిశాదా ఆంధ్రదా అని ఆ టైంలో చూడొద్దు. ఎక్కువమందికి నాళం మూసుకుపోయి వస్తుంది, కొంతమందికి నాళం చిట్లి లోపల రక్తం కారి వస్తుంది, బయటికి రెండూ ఒకేలా కనపడతాయి, తీసుకెళ్ళిన వాళ్ళకే కాదు డాక్టరుకి కూడా సీటీ లేకుండా తేడా తెలీదు, రక్తం కారే మనిషికి గడ్డ కరిగించే మందు ఇస్తే ప్రాణం మీదికొస్తుంది. బరంపురంలో ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఉంది, కోరాపుట్‌లో ఎస్‌ఎల్‌ఎన్ మెడికల్ కాలేజీ, శ్రీకాకుళంలో ప్రభుత్వ పెద్దాసుపత్రి, వైజాగ్‌లో కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి), ప్రైవేటువి ఎలాగూ ఉన్నాయి. మీ పర్లాకిమిడి నించి చూస్తే పాతపట్నం దాటి శ్రీకాకుళం వైపు రోడ్డు, మోహనా ఘాట్ మీదుగా బరంపురం వెళ్ళడం కన్నా సుఖం. అయినా ఇవాళే, అందరూ బాగున్నప్పుడే, ఈ చోట్లకి ఫోన్ చేసి అడిగి పెట్టుకోండి: రాత్రిపూట సీటీ తీస్తారా, పక్షవాతం ఇంజెక్షన్ ఇస్తారా, గడ్డ లాగే క్యాథ్ ల్యాబ్ ఉందా. మూడు ప్రశ్నలే, జవాబులు ఒక కాగితం మీద రాసి బీరువా తలుపుకి అంటించండి. దారిలో ఉండగా కూడా ఫోన్ చేసి వస్తున్నాం అని చెప్తే వాళ్ళు సీటీ దగ్గర ఎదురుచూస్తారు.

ఎలా గుర్తుపట్టాలో కూడా చెప్పేస్తాను. నవ్వమనండి, మూతి ఒక పక్కకి పోతుందా చూడండి. రెండు చేతులూ ముందుకి చాపమనండి, ఒకటి కిందికి జారుతుందా. ఇంటి పేరో ఊరి పేరో చెప్పమనండి, మాట ముద్దగా వస్తోందా. ఉన్నట్టుండి తూలిపోవడం, చూపు సగం పోవడం కూడా ఇందులోవే. ఒక్కటి కనపడినా చాలు, బయల్దేరాలి. పది నిమిషాల్లో తగ్గిపోయినా సరే వెళ్ళాలి, అలా వచ్చి పోయేది అసలుదానికి ముందు వచ్చే హెచ్చరిక, తర్వాతి రెండు మూడు రోజుల్లోనే పెద్దది వచ్చే భయం ఎక్కువ.

చెయ్యకూడనివి కూడా ఉన్నాయి, మన ఇళ్ళలో అందరూ చేసేవే. సీటీ అవకుండా ఆస్పిరిన్ మింగించొద్దు. కాఫీ, మంచినీళ్ళు, నోట్లో ఏదీ వద్దు, గొంతు కూడా పడిపోయి ఉంటే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. బీపీ 190 ఉందని నాలుక కింద మాత్ర పెట్టొద్దు, నాళం మూసుకుపోయినప్పుడు ఆ బీపీయే మిగిలిన మెదడుకి రక్తం తోస్తూ ఉంటుంది, గబుక్కున దించితే ఇంకా నష్టం, ఎంత దించాలో ఆసుపత్రిలో చూస్తారు. వేలికి సూది గుచ్చి రక్తం తీయడం వాట్సాప్ వైద్యం. వాంతి వస్తుంటే పక్కకి తిప్పి పడుకోబెట్టండి. సుగర్ మిషను ఉంటే చూడండి, సుగర్ బాగా పడిపోయినా అచ్చం పక్షవాతంలాగే ఉంటుంది. రోజూ వేసుకునే మాత్రల కవర్ సంచిలో వేసుకోండి, ముఖ్యంగా రక్తం పల్చబడే మాత్రలు వాడుతుంటే ఆ సంగతి మొదటే చెప్పాలి.

బరంపురం నించి ఒక కోడలు: మా అత్తగారికి ఎడమ పక్క పడిపోయింది, డిశ్చార్జ్ అయ్యి మూడు వారాలు. రోజూ ఒకతను వచ్చి నువ్వుల నూనెతో మాలీషు చేసి, కరెంటు మిషను పెట్టి డబ్బు తీసుకుని వెళ్తాడు. కాలు కొంచెం నయం. కానీ భుజం నొప్పి అని ఏడుస్తున్నారు, జాకెట్టు కూడా తొడగనివ్వట్లేదు. మాలీషు ఇంకా గట్టిగా చేయించాలా?

వద్దమ్మా. ఆపించండి, కనీసం భుజం దగ్గర. భుజం కీలుని లోపల పట్టుకుని ఉంచేది చుట్టూ ఉన్న కండరాలే, అవి చచ్చుబడితే చెయ్యి బరువుకి కీలు ఉట్టికి వేలాడే కుండలా కిందికి దిగిపోతుంది, వేలు పెట్టి చూస్తే భుజం కొన దగ్గర చిన్న గుంట తగులుతుంది మీకే. అలాంటి చేతిని పట్టుకుని లేపడం, చంకలో చెయ్యి పెట్టి పైకి లాగడం, ఆ చేతిని తల మీదికి సాగదీయడం, వీటి వల్లే నొప్పి. మన ఇళ్ళలో మంచం మీంచి లేపేటప్పుడు ఇద్దరు చెరో చెయ్యి పట్టుకుని లాగుతారు చూడండి, సగం భుజాలు అక్కడే పాడవుతాయి.

లేపేటప్పుడు ఎడమ పక్కకి తిప్పి, మోకాళ్ళు మంచం అంచు మీంచి కిందికి జార్చి, మీ చెయ్యి ఆమె భుజం ఎముక వెనక, అంటే వీపు మీద పెట్టి లేపండి, కుడి చేత్తో ఆమే మంచాన్ని తోసుకోవాలి. కూర్చున్నప్పుడు ఎడమ చెయ్యి ఒళ్ళో వేలాడనివ్వకండి, ముందు ఒక స్టూలు వేసి దాని మీద దిండు పెట్టి చెయ్యి మోచేతి దాకా ఆనించండి. పడుకున్నప్పుడు భుజం కింద పల్చటి దిండు. జాకెట్టు సంగతి, పడిపోయిన చేతికి ముందు తొడగాలి, విప్పేటప్పుడు బాగున్న చేతి నించి ముందు విప్పాలి, ఇది తెలిస్తే సగం ఏడుపు తగ్గుతుంది. ఈ మూడు నెలలూ ముందు హుక్కులుండే వదులు జాకెట్టో నైటీయో కుట్టించండి.

ఇంక మాలీషు మాట. నూనె రాస్తే హాయిగా ఉంటుంది, చర్మానికి మంచిదే, నాకేం పగ లేదు. కానీ మాలీషు చేసేటప్పుడు కష్టపడేది ఎవరు? ఆయన. మెదడు మళ్ళీ నేర్చుకోవాలంటే కష్టపడాల్సింది మీ అత్తగారు. ఆమె తనంతట తాను ఒక పనికి ప్రయత్నించిన ప్రతిసారీ మెదడులో మిగిలిన భాగం ఆ పనిని కాస్త కాస్తగా నేర్చుకుంటుంది, పది సార్లకి కాదు, వందల సార్లకి. ఆ ఇచ్చే డబ్బు ఫిజియోథెరపీ డిగ్రీ చదివిన మనిషికి వారానికి రెండు సార్లు ఇచ్చి మీరూ పక్కన నిలబడి నేర్చుకోండి, మిగతా రోజులు మీరు చేయించండి. కుర్చీలోంచి లేచి నిలబడి మళ్ళీ కూర్చోవడం, ఇదొక్కటి రోజుకి నాలుగైదు విడతలు, విడతకి పది సార్లు, మీరు ఎడమ పక్క నిలబడి. ఆ కాలి మీద బరువు వెయ్యమని చెప్తూ ఉండండి, వాళ్ళు మంచి కాలి మీదే వేసేస్తారు. చెయ్యి బల్ల మీద పెట్టి గుడ్డతో ముందుకీ వెనక్కీ తుడవడం, కుడి చేత్తో సాయం పట్టుకున్నా పర్లేదు. మొదటి మూడు నెలలు మెదడు చురుగ్గా నేర్చుకునే కాలం, ఆ మూడు నెలలే మనవాళ్ళు ఎక్కడెక్కడో తిరిగి వేస్ట్ చేస్తారు.

మరీ తొందర కూడా వద్దండోయ్, ఇంకో ఉత్తరంలో ఎవరో రెండో పూటే నడిపించాం అని గొప్పగా రాశారు. మొదటి 24 గంటల్లోనే గట్టిగా నడిపిస్తే మేలు కన్నా కీడే ఎక్కువని 2015లో ఒక పెద్ద అంతర్జాతీయ పరిశోధనలో తేలింది. తర్వాత రోజు నించి, కొంచెం కొంచెం, ఎక్కువ సార్లు.

రాయగడ నించి: మా మావయ్యకి పావురం రక్తం రాస్తే, పావురం మాంసం తింటే తగ్గుతుందని ఊళ్ళో అందరూ అంటున్నారు. ఒకచోట నాటు మందు ఇస్తారంట, ఇంగ్లీషు మాత్రలు ఆపితేనే పని చేస్తుందంట. వెళ్ళమంటారా?

వద్దు. పావురానికీ మీ మావయ్యకీ ఇద్దరికీ నష్టమే.

కొంచెం వివరంగా చెప్పాలి లెండి, లేకపోతే పక్కింటాయనకి తగ్గింది కదా అంటారు. పక్షవాతం వచ్చిన మొదటి కొన్ని వారాల్లో మెదడులో వాపు తగ్గుతుంది, చుట్టుపక్కల నిద్రపోయిన భాగాలు మేలుకుంటాయి, ఏ మందూ వెయ్యకపోయినా చాలామందికి కొంత బాగవుతుంది. సరిగ్గా అప్పుడే పావురం రక్తం రాస్తారు, పేరు పావురానికి పోతుంది. రాసుకుంటే పోయేది డబ్బు ఒక్కటే అయితే నేను ఇంత గోల చెయ్యను. మాత్రలు ఆపమన్నారు చూశారా, అక్కడే ప్రమాదం. గడ్డ కట్టకుండా ఆస్పిరినో క్లోపిడోగ్రెలో, కొలెస్ట్రాల్‌కి స్టాటిన్, బీపీ మాత్ర, సుగర్ మాత్ర, గుండె దడ క్రమం తప్పిన వాళ్ళకి రక్తం పల్చబడే మందు, ఇవన్నీ రెండోసారి రాకుండా. ఒకసారి వచ్చిన వాళ్ళకి మళ్ళీ వచ్చే అవకాశం మామూలు వాళ్ళకన్నా చాలా ఎక్కువ, రెండోసారి వచ్చింది మొదటిదానంత మర్యాదగా ఉండదు. బీపీ 130/80 లోపు ఉంచాలని ఎక్కువమంది డాక్టర్లు చూస్తారు, మీ మావయ్యది ఎంత ఉందో పోయిన నెల ఎవరైనా చూశారా? ముందు అది చూడండి.

ఛత్రపురం నించి ఒక ఇల్లాలు: మా వారు ఒడియా మీడియం స్కూల్లో మాస్టారు, ఇంట్లో తెలుగే. కుడి పక్క పడిపోయి మాట పోయింది. ఇప్పుడు ఒకటీ అరా మాట వస్తోంది, అదీ ఒడియాలో, నన్ను పిలవాలన్నా ఒడియాలోనే ఏదో అంటారు, కానీ అన్నమయ్య కీర్తన మొదలుపెడితే తెలుగులో రెండు లైన్లు పాడేస్తున్నారు. తెలుగు మర్చిపోయారా? థెరపీ ఏ భాషలో చేయించాలి? మా అత్తగారు మతి పోయింది అంటున్నారు.

మతి పోలేదమ్మా, అత్తగారికి ఈ పేజీ చదివి వినిపించండి. చాలామందికి మాట పుట్టే చోటు మెదడు ఎడమ పక్క ఉంటుంది, కుడి చెయ్యి కాలుని నడిపేదీ ఆ పక్కే, అందుకే రెండూ కలిసి పోతాయి. తెలివి, మనుషుల్ని గుర్తుపట్టడం, మీ మీద కోపం, అభిమానం అన్నీ అలాగే ఉంటాయి, మాట దొరకదు అంతే. ఆయన పడే నరకం అదే. చుట్టూ ఉన్నవాళ్ళు మతి లేదనుకుని ఎదురుగానే ఆయన గురించి మాట్లాడుకుంటే అన్నీ వింటూ ఉంటారు, ఆస్తి మాటలు కూడా.

రెండు భాషలు వచ్చిన వాళ్ళకి ఎక్కువగా రెండూ కలిసే తిరిగొస్తాయి, కొంతమందికి ఒకటి ముందొస్తుంది, ఇంకొంతమందికి రెండూ కలగాపులగంగా వస్తాయి. మాస్టారు రోజంతా క్లాసులో వాడింది ఒడియా, అది ముందు దొరికింది అనుకోండి. ఆపొద్దు, తెలుగులో చెప్పండి అని కసరొద్దు. ఏ భాషలో అన్నా మాటకి జవాబు ఇవ్వండి, మీరు తెలుగులోనే ఇవ్వండి. మన బరంపురం ఇళ్ళలో మామూలుగానే ఒక వాక్యంలో రెండు భాషలు పడతాయి, ఆయన్ని ఒక్కరినే శుద్ధంగా మాట్లాడమంటే ఎలా? థెరపీ మాత్రం రోజూ ఎక్కువసేపు ఎవరితో ఉంటారో వాళ్ళ భాషలో మొదలుపెట్టిస్తే వాడుకలోకి వస్తుంది, అంటే మీ ఇంట్లో తెలుగు. దగ్గర్లో తెలుగు వచ్చిన స్పీచ్ థెరపిస్టు దొరక్కపోతే వీడియో కాల్‌లో చేసేవాళ్ళు ఉన్నారు, వైజాగ్ లాంటి చోట ఒకసారి ఎదురుగా చూపించుకుని తర్వాత ఫోన్‌లో కొనసాగించొచ్చు.

కీర్తన సంగతి చాలా మంచి కబురు. పాట, లెక్క, వారాల పేర్లు, దండకం, ఇలాంటివి నోటికి వచ్చినవి, మాట కోసం వెతుక్కోకుండానే వరసలో దొర్లుకొస్తాయి. దాన్ని వాడుకోవచ్చు. ఒకటి రెండు మూడు అని మీరు మొదలుపెట్టి ఆగండి, నాలుగు ఆయన అంటారు. ఇంట్లో పదే పదే అవసరమయ్యే చిన్న వాక్యాలు, నీళ్ళు కావాలి, బయటికి వెళ్దాం, ఇలాంటివి ఒక రాగంలో పాడుతూ, ఆయన ఎడమ చేత్తో తొడ మీద తాళం వేయిస్తూ అనిపించండి, ఈ పద్ధతిలో పాశ్చాత్య దేశాల్లో థెరపిస్టులు యాభై ఏళ్ళుగా చేయిస్తున్నారు. మాట్లాడేటప్పుడు టీవీ ఆపండి. ఒకళ్ళే మాట్లాడండి. గట్టిగా అరవద్దు, ఆయనకి చెవుడు రాలేదు. కాఫీనా టీయా అని రెండూ చూపించి అడగండి. అడిగాక ఆగండి, మనసులో పది లెక్కపెట్టండి, మనం ఆగలేక మాట అందించేస్తాం, అందిస్తే ఆయన వెతకడం మానేస్తారు. మాస్టారు కదా, పాత హాజరు పట్టీ లాంటిది ఇస్తే పేర్లు చదవడానికి ప్రయత్నిస్తారేమో చూడండి, వేలు పెట్టి ఒక్కో పేరు.

గుణుపురం నించి: మా అమ్మకి ముక్కులోంచి ట్యూబ్ తీసేశారు. అన్నం బాగానే తింటోంది కానీ మంచినీళ్ళు తాగితే దగ్గు వస్తోంది. వేసవి కదా అని పఖాళ పెడుతున్నాం, అదీ దగ్గే. నీళ్ళు తగ్గించేయమంటారా?

నీళ్ళు తగ్గించడం కాదు, చిక్కబరచడం. మింగే కండరాలు నెమ్మదించినప్పుడు పల్చటివి ముందే జారిపోయి ఊపిరి గొట్టంలో పడతాయి, చిక్కటివి అదుపులో ఉంటాయి. పఖాళ, మనం చద్దన్నం అనేది, వీళ్ళకి అన్నిటికన్నా కష్టం, ఎందుకంటే మెతుకు నమలాలి, అదే సమయంలో నీళ్ళు గొంతులోకి జారిపోతూ ఉంటాయి, రెండు పనులు ఒకేసారి. మరమరాలు పాలల్లో వేసి ఇవ్వడం కూడా అంతే. దాని బదులు అదే అన్నం పెరుగుతో మెత్తగా పిసికి ముద్దగా పెట్టండి, రాగి అంబలి చెంచాకి అంటుకునేంత చిక్కగా కాచి ఇవ్వండి. నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కాస్త కిందికి దించమని, చిన్న చెంచాతో, ఒకటి మింగాక ఇంకోటి. తిన్నాక అరగంట పడుకోనివ్వొద్దు. పడిపోయిన పక్క బుగ్గలో మెతుకులు ఉండిపోతాయి, వేలికి గుడ్డ చుట్టి తీసేయండి, రెండు పూటలా పళ్ళు తోమించండి, నోరు మురికిగా ఉంటే ఆ మురికే ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది, పక్షవాతం రోగుల్ని ఆసుపత్రికి తిరిగి తీసుకొచ్చేవాటిలో అదొకటి. తిన్నాక గొంతు గరగరలాడుతూ తడిగా వినిపించినా, జ్వరం వచ్చినా ఆగకండి, చూపించండి. చిక్కబరిచినా దగ్గు వస్తోందంటే మింగడం పరీక్ష మళ్ళీ చేయించాలి, ట్యూబ్ మళ్ళీ కొన్నాళ్ళు వెయ్యాల్సి రావచ్చు.

ఇంకోటి, ఉప్పు. మన వైపు ఎండుచేప, ఆవకాయ, అప్పడం లేకుండా ముద్ద దిగదని తెలుసు. రోజంతా కలిపి ఉప్పు 5 గ్రాముల లోపు అని డబ్ల్యూహెచ్‌వో చెప్తుంది, అంటే ఒక టీ చెంచా, ఊరగాయలో ఉన్నది కూడా కలిపి. ఎండుచేప కొంచెం పెట్టండి అనాలని నాకూ ఉంటుంది, కానీ వద్దు.

జయపురం నించి: మేం ఒడిశాలో ఉంటాం, చుట్టాలంతా ఆంధ్రాలో. ఏ ఆరోగ్య కార్డు ఎక్కడ పనికొస్తుంది?

ఒడిశాలో 2025 నించి ఆయుష్మాన్ భారత్‌తో గోపబంధు జన్ ఆరోగ్య యోజన కలిసింది, కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు, ఆడవాళ్ళకి ఇంకో 5 లక్షలు. ఆయుష్మాన్ కార్డు వేరే రాష్ట్రంలో జాబితాలో ఉన్న ఆసుపత్రుల్లో కూడా నడుస్తుంది, కానీ వైజాగ్ బయల్దేరే ముందు ఆ ఆసుపత్రిలో కార్డుల పని చూసే ఆరోగ్యమిత్ర కౌంటరుకి ఫోన్ చేసి పక్షవాతం చికిత్సకి, గడ్డ తీసే ప్రొసీజరుకి ఒప్పుకుంటారా అని అడగాలి. ఎన్టీఆర్ వైద్యసేవ అనే ఆంధ్రా ప్రభుత్వ పథకం ఆంధ్రా వాళ్ళకి, చుట్టాల ఇంట్లో పేరు ఎక్కించుకుని రెండు పక్కలా కార్డులు పెట్టుకోకండి, పట్టుబడితే చిక్కుల్లో పడతారు. ఈ కార్డులన్నీ అడ్మిట్ అయినప్పటికే, నెలల తరబడి ఫిజియోకి కాదు. దానికి కటక్ జిల్లా ఓలట్‌పూర్‌లో కేంద్ర ప్రభుత్వ పునరావాస సంస్థ ఉంది, స్వామి వివేకానంద పేరు మీద, ఫిజియో, రోజువారీ పనులు మళ్ళీ నేర్పే ఆక్యుపేషనల్ థెరపీ, కాలికి ఆసరాగా వేసే స్ప్లింట్లు అన్నీ ఒకచోటే. దూరమే, కానీ ఒకసారి వెళ్ళి ప్రోగ్రాం రాయించుకు వస్తే ఇంట్లో చేసుకోవచ్చు. చెయ్యి కాలు బాగా దెబ్బతింటే వికలాంగుల యూడీఐడీ కార్డుకి కూడా అప్లై చెయ్యండి, వైకల్యం 40 శాతం, ఆ పైన ఉంటే ప్రభుత్వ పథకాలకి అర్హత. ఒడిశాలో మధుబాబు పెన్షన్ దానితో వస్తుంది.

కాశీనగర్ నించి ఒక అమ్మాయి: నాన్న ఊరికే ఏడుస్తున్నారు. ఎక్సర్‌సైజ్ అంటే తల తిప్పేసుకుంటున్నారు. సోమరితనం అని అన్నయ్య తిడుతున్నాడు.

అన్నయ్యని ఆపండి. పక్షవాతం వచ్చినవాళ్ళలో ముగ్గుర్లో ఒకరికి డిప్రెషన్ వస్తుంది, అది మనసు బలహీనతే కాదు, మెదడు దెబ్బతిన్న చోటు వల్ల కూడా. కారణం లేకుండా ఏడుపో నవ్వో తన్నుకొచ్చి రెండు నిమిషాల్లో ఆగిపోతే అది ఇంకో సమస్య, దాన్ని పట్టించుకోకుండా మాట మారిస్తే చాలు. నిద్ర, ఆకలి, మనుషుల మీద ఆసక్తి కూడా పోతే డాక్టరు గారికి చెప్పండి, మందులున్నాయి, పని చేస్తాయి. మనసు బాధలకి ప్రభుత్వం పెట్టిన టెలిమానస్ లైను 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు, డబ్బులేం కావు, మీ కోసం కూడా చెయ్యొచ్చు. ఉత్తరంలో మీరు పడుకునేది ఎన్నింటికో రాయలేదు కానీ రాసిన టైం చూశాను, రాత్రి రెండున్నర.

బరంపురం నించి ఒక నేత పనివారు: నాకు 49. పట్టు నేత మాది, తాతల నాటి నించి. కుడి పక్క వచ్చి ఏడు నెలలైంది. నడుస్తున్నాను. కుడి చెయ్యి గుప్పిట పడుతుంది గానీ తెరుచుకోదు. ఆరు నెలలు దాటితే ఇంక రాదన్నారు. మళ్ళీ మగ్గం మీద కూర్చోగలనా?

ఆరు నెలలకి తలుపు మూసుకుపోతుందని చెప్పినాయన తొందరపడ్డారు. మొదటి మూడు నెలల్లో జోరుగా వస్తుంది, తర్వాత నెమ్మదిస్తుంది, అంతవరకే నిజం. మంచి చేతిని గ్లౌజులో పెట్టి కట్టేసి, పడిపోయిన చేత్తోనే రోజూ గంటల తరబడి పని చేయించే పద్ధతి ఒకటి ఉంది, 2006లో అమెరికాలో పక్షవాతం వచ్చి 3 నించి 9 నెలలైన వాళ్ళ మీదే దాన్ని పరీక్షించారు, బాగా మెరుగయ్యారు. మీరు సరిగ్గా ఆ లెక్కలోనే ఉన్నారు. అయితే దానికి మణికట్టూ వేళ్ళూ కొంచెమైనా పైకి లేవాలి, అస్సలు లేవకపోతే పనికిరాదు. చెయ్యి బల్ల అంచున వేలాడేసి వేళ్ళు ఎంత లేస్తున్నాయో ఫిజియోకి చూపించండి.

గుప్పిట తెరుచుకోకపోవడం బలం లేక ఒకటే కాదు, బిగుసుకుపోయే గుణం వల్ల కూడా. బిగువు ఎక్కువుంటే ముడుచుకునే కండరాలకి బోటాక్స్ ఇంజెక్షన్ వేస్తారు, సుమారు మూడు నెలలు వదులుగా ఉంటుంది, ఖరీదెక్కువ, ఆ మూడు నెలలూ వ్యాయామం చెయ్యకపోతే డబ్బు నీళ్ళపాలే. రాత్రిళ్ళు వేళ్ళు చాపి ఉంచే స్ప్లింటు వాడొచ్చు.

మీకు రావాల్సింది పట్టుకోవడం కాదు, వదలడం. అందుకని రబ్బరు బంతి నొక్కడం మానేయండి, అందరూ అదే ఇస్తారు, ముడుచుకునే చేతిని ఇంకా ముడుచుకునేలా చేస్తుంది. పెద్ద ఖాళీ కండె (నూలు చుట్టే గొట్టం) ఒకటి పట్టుకుని డబ్బాలోకి జారవిడవడం మొదలుపెట్టండి, మణికట్టు కాస్త కిందికి వంచితే వేళ్ళు తేలిగ్గా తెరుచుకుంటాయి. తర్వాత చిన్న కండెలు. తర్వాత ఇంట్లో వాళ్ళకి కండెలు చుట్టిపెట్టండి, రాట్నం తిప్పేది కుడిచేత్తో. తెగిన పోగు అతకడం అన్నిటికన్నా చివర, వేలి కొనల పని అంత తొందరగా రాదు, దానికి ఇంకొకరి సాయం పెట్టుకోవాల్సి రావచ్చు, కొంతమందికి ఎప్పటికీ పూర్తిగా రాదు కూడా.

గుంట మగ్గమైతే దిగడం ఎక్కడం ముందు చూసుకోవాలి. గుంట అంచున గట్టి కర్ర పాతించండి, ఎడమ చేత్తో పట్టుకోవడానికి. దిగేటప్పుడు కుడి కాలు ముందు, ఎక్కేటప్పుడు ఎడమ కాలు ముందు. కింద పలకలు తొక్కేటప్పుడు కుడి పాదం ముందుభాగం జారుతుంటే కాలికి స్ప్లింటు కావాలి, చెప్పులు లేకుండా తొక్కే అలవాటు కాబట్టి పాదం అడుగున గరుకు ఉండేలా చేయించమని చెప్పండి. పాదంలో స్పర్శ తగ్గి ఉంటే దెబ్బ తగిలినా తెలీదు, రోజూ సాయంత్రం అరికాలు చూసుకోండి. నాడె (పోగుని అటూ ఇటూ తీసుకెళ్ళేది) తాడు కుడిచేత్తో లాగేది ఎడమకి మార్చి కట్టి చూడండి, వింతగా ఉంటుంది గానీ కుదురుతుందేమో. మొదట పావుగంట, ఆపి, మళ్ళీ పావుగంట. ఈ జబ్బు తర్వాత వచ్చే అలసట మామూలు అలసట కాదు, బలవంతంగా నేస్తే రెండో రోజు లేవలేరు. పట్టు మీద మొదలుపెట్టకండి, నూలు చీర ఒకటి వేసుకోండి, ఎవరికీ అమ్మే ఉద్దేశం లేకుండా. షాపు వాళ్ళు ఆర్డరు ఇస్తామంటే తీసుకోండి, తేదీ మాత్రం మీరు చెప్పొద్దు.